మీకు తెలుసా? చెర్రీ రొయ్య ముక్కు మీద తెల్లపోగులు

అక్వేరియంలోని చెర్రీ రొయ్య ముక్కు కొసన తెల్లటి పోగులు కదులుతుంటే బూజు అనుకోకండి. అవి స్కుటారియెల్లా అనే బుల్లి పురుగులు. కప్పు తొట్టి నీళ్లలో పెద్ద చెంచాడు ఉప్పు కరిగించి, రొయ్యను అర నిమిషం ముంచి తీస్తే రాలిపోతాయి. మొప్పల్లో పెట్టిన గుడ్లకు మాత్రం ఉప్పు పనిచేయదు. అవి రొయ్య విడిచిన కుబుసంతోపాటు ఊడొస్తాయి కాబట్టి దాన్ని వెంటనే తీసేయాలి. మామూలు రోజుల్లో ఆ కుబుసాన్ని రొయ్యలనే తిననివ్వడం మంచిది.

రొయ్యలున్న తొట్టిలో చేపల మందు పోసేముందు మాత్రం లేబుల్ తప్పకుండా చదవండి. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది రాగి ఉన్న హీమోసయనినే. అయినా నీళ్లలో కరిగిన రాగి కొద్దిపాటి మోతాదుకే రొయ్యలను చంపేస్తుంది. చేపల తెల్లమచ్చలకు వాడే కొన్ని మందుల్లో ఉండేది ఆ రాగే.