అటకెక్కి దిగే మాల్థస్

ఒక ఆర్థిక సిద్ధాంతం తప్పని తేలితే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. కొన్నాళ్లు అటకెక్కుతుంది, ఎవరికో అవసరం పడగానే కిందికి దిగుతుంది. ఇలా ఎక్కి దిగడంలో థామస్ మాల్థస్ జనాభా సిద్ధాంతానిది అందెవేసిన చెయ్యి.

1798లో ఇంగ్లండులో రచయిత పేరు లేకుండా వచ్చిన చిన్న పుస్తకం అది. జనం గుణశ్రేఢిలో పెరుగుతారు: 1, 2, 4, 8. తిండి అంకశ్రేఢిలోనే పెరుగుతుంది: 1, 2, 3, 4. మిగిలిన లెక్కను కరువు, రోగం సరిచేస్తాయి. 1803లో అదే పుస్తకాన్ని పెంచి రాస్తూ, ఆలస్యంగా పెళ్లి చేసుకోవడం మేలన్న సలహాకు పెద్దపీట వేశాడు. మరుసటి ఏడాది తానే పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు కాబట్టి మాట తప్పాడనలేం.

వెనకటి శతాబ్దాలకు ఈ లెక్క చాలావరకు సరిపోతుందనే ఆర్థిక చరిత్రకారుల్లో చాలామంది అంటారు. పంట పెరిగితే నోళ్లూ పెరిగేవి, బతుకు మళ్లీ మొదటికే వచ్చేది. కానీ ఆయన రాస్తున్న కాలంలోనే ఆ లెక్క మారడం మొదలైంది. ఆవిరి యంత్రం, రైలు, ఆ తర్వాత రసాయన ఎరువు వచ్చాయి. 1800 ప్రాంతంలో సుమారు 100 కోట్లున్న ప్రపంచ జనాభా 2022లో 800 కోట్లకు చేరింది, తిండీ అంతకు మించి పెరిగింది.

మనకూ ఆయనకూ చుట్టరికం ఉంది. 1805 నుంచి 1834లో చనిపోయేదాకా ఆయన ఈస్టిండియా కంపెనీ కాలేజీలో ప్రొఫెసరు. భారతదేశానికి రాబోయే దొరలకు అర్థశాస్త్రం నేర్పడమే ఉద్యోగం. ఆయన పోయాక అదే కాలేజీలో చదివిన రిచర్డ్ టెంపుల్ 1874లో బీహార్ కరువుకు బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అందుకు మెప్పు దక్కలేదు సరికదా, డబ్బు తగలేశాడని తిట్లు పడ్డాయి. పాఠం ఒంటబట్టించుకున్నాడు. ధాత నామ సంవత్సరపు కరువు బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను తినేస్తుండగా, 1877లో మద్రాసు వచ్చి, కరువు పనికొచ్చిన మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు, ఆపైన రోజంతా మట్టిపని. ఆ తిండితో మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ పోట్లాడాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు, అప్పటికే లక్షల మంది పోయారు. కూలి తగ్గించడానికి అసలు కారణం ఖజానా. జనం ఎక్కువైతే చావులు తప్పవన్న సిద్ధాంతం దానికి మంచి ముసుగు.

1968లో అమెరికాలో జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ మళ్లీ అటక మీద చెయ్యి పెట్టాడు. డెబ్బైలలో కోట్లమంది ఆకలితో చస్తారన్నాడు. జనం పెరిగినా వస్తువులు కరువు కావని ఆర్థికవేత్త జూలియన్ సైమన్ 1980లో ఆయనతో పందెం కాశాడు: రాగి, తగరం, నికెల్, క్రోమియం, టంగ్‌స్టన్ ధరలు పదేళ్లలో పెరుగుతాయా, తగ్గుతాయా అని. 1990లో ఎర్లిక్ 576 డాలర్ల చెక్కు పంపాడు. వేరే పదేళ్లు ఎంచుకుని ఉంటే గెలిచేవాడని తర్వాత లెక్కలు వేసినవాళ్లున్నారు. ఓడినవాళ్లకు ఎప్పుడూ ఆ వెసులుబాటు ఉంటుంది.

జనం ఎక్కువైపోతారన్న ఆ భయం మన గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమైంది, ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషనైంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తొంభైలలో చట్టమూ చేసింది. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక మహిళకు 1.7 మంది పిల్లలే. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధనను రద్దు చేసింది. ఇద్దరితో ఆపమన్న నాయకులే ఇప్పుడు ఇంకొందరిని కనమంటున్నారు.