అంతర్జాల టెలివిజన్ చిరునామాల పట్టిక

హైదరాబాదు నగరమున సోమాజిగూడలో ఏదైన ఒక పాత మిద్దె యెక్కి చూచినచో, తుప్పు పట్టిన టెలివిజన్ ఏంటెన్నా ఒకటి ఇంకను కానవచ్చునేమో. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసిన పిమ్మట ఇట్టి కడ్డీలు మన మిద్దెలపైకి వచ్చినవి. చిరకాలము సోమాజిగూడలో కార్యాలయముండిన ఈనాడు పత్రికవారి ఈటీవీ 1995 ఆగస్టు 27న ఉపగ్రహము ద్వారా తెలుగు ప్రసారములు మొదలిడినది. అప్పుడు కడ్డీలకు తోడు గొడుగులు వచ్చినవి. నేడు అదే బొమ్మ అంతర్జాలము ద్వారా చేతిలోని ఫోనునకు సైతము చేరుచున్నది.

అయితే ఇక్కడొక చిక్కు కలదు. పూర్వము మర త్రిప్పినచో కేంద్రము దొరికెడిది. అంతర్జాలములో అట్టి మర లేదు. ప్రతి ప్రసారమునకును ఒక పొడవైన చిరునామా ఉండును. లోకములోని వేలకొలది ప్రసారముల చిరునామాలను ఎవరు వెదకుదురు? ఎవరు సరిచూతురు? ఈ పనిని కొందరు స్వచ్ఛందముగా, పదిమందీ చేయి కలిపి చేయుచున్నారు. ఆ విధానమును పరికింతము.

పట్టికలో నేముండును?

హైదరాబాదులో 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయమును తలచుకొనుడు. అచ్చటి పుస్తకముల పట్టికలో పుస్తకముండదు. అది ఏ బీరువాలో నున్నదో మాత్రము వ్రాసి యుండును. ప్రసారముల పట్టికయు అట్టిదే. అందులో బొమ్మ లేదు, పాట లేదు, చిరునామా మాత్రమే కలదు.

దీని రూపమునకు ఎమ్.త్రీ.యు. అని పేరు. మొదట కంప్యూటరులో పాటలను వరుసగా వాయించుటకై పుట్టిన పద్ధతి ఇది. ఎవరైనను చదువదగిన సాదా అక్షరములతోనే దీనిని వ్రాయుదురు. ఒక్కొక్క ప్రసారమునకు రెండేసి పంక్తులుండును. మొదటి పంక్తిలో ప్రసారపు గుర్తు, చిహ్నము, విభాగము, పేరు వ్రాయుదురు. రెండవ పంక్తిలో చిరునామా ఉండును. మొదటి పంక్తిలోనే ఒక అంకె కూడ కనబడును. పాట అయినచో అది ఎన్ని సెకండ్ల నిడివి గలదో ఆ అంకె తెలుపును. ఎడతెగని ప్రసారమునకు నిడివి యెక్కడిది? అందుచేత అచ్చట -1 అని వ్రాయుదురు. "దీనికి ముందుగా తెలిసిన కొలత లేదు" అని దాని భావము.

ఆరేసి సెకండ్ల ముక్కలు

ఆ చిరునామాను తాకినప్పుడు ఏమి జరుగును? 2009లో ఆపిల్ కంపెనీ ప్రవేశపెట్టిన హెచ్.ఎల్.ఎస్. అను పద్ధతి నేడు బహుళముగా వాడుకలో నున్నది. ఇందులో ప్రసారమును చిన్న చిన్న ముక్కలుగా కోయుదురు. ఒక్కొక్క ముక్క సాధారణముగా 6 సెకండ్లుండును. ఆ ముక్కల పేర్లతో మరియొక చిన్న పట్టిక తయారగును. క్రొత్త ముక్క వచ్చినప్పుడు దాని పేరు అడుగున చేరును; పాతది పైనుండి తొలగును. మన ఫోను ఈ పట్టికను మాటిమాటికి తెచ్చుకొని, క్రొత్త ముక్కలను దించుకొని, అతుకు తెలియకుండ చూపును.

సెకండుకు 10 లక్షల బిట్ల చొప్పున వచ్చు ప్రసారమును తీసికొందము. 6 సెకండ్ల ముక్కలో 60 లక్షల బిట్లుండును. 8 బిట్లు ఒక బైటు గనుక, ముక్కకు 7 లక్షల 50 వేల బైట్లు. గంటకు 600 ముక్కలు, అనగా 450 మెగాబైట్లు. బొమ్మ మరింత స్పష్టముగా నుండుటకు సెకండుకు 40 లక్షల బిట్లు పంపినచో, గంటకు 1,800 మెగాబైట్లు ఖర్చగును. దినమునకు 1,500 మెగాబైట్లు మాత్రమే కొనుక్కొన్న విద్యార్థికి మొదటి ప్రసారము 3 గంటల 20 నిమిషములు వచ్చును. రెండవది 50 నిమిషములకే ముగియును. అందుచేతనే ఒకే ప్రసారమును పలు నాణ్యతలలో నుంచి, తీగ బలమును బట్టి ఫోనే ఎన్నుకొనునట్లు ఏర్పాటు చేయుదురు.

చూపరి యంత్రము చివరి ముక్కనే పట్టుకొనక, కనీసము మూడు ముక్కలు వెనుకగా మొదలిడవలెనని నియమము. మూడు ఆరులు 18 సెకండ్లు. ప్రక్కింటివారు సిక్సరని కేకవేసిన తరువాత మన ఫోనులో బౌలరు ఇంకను పరుగెత్తుచుండుటకు ఇదియొక కారణము.

పట్టికకు చేయూత

ఇట్టి పట్టికలలో ప్రసిద్ధమైనది ఐ.పి.టి.వి.–ఆర్గ్ అనునది. ఇది గిట్‌హబ్ అను చోట నున్నది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ అను సాధనము దీనికి ఆధారము. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని మార్చిరో అది మరువదు. తప్పు దొరలినచో వెనుకటి ప్రతిని తెచ్చుకొనవచ్చును.

ఒక ప్రసారమును చేర్పదలచినవారు మొదట దాని యజమాని స్వయముగా ప్రజలకొరకు వెల్లడించిన చిరునామాను కనుగొనవలెను. పిదప దానిని వి.ఎల్.సి. వంటి సాధనములో ఆడించి చూడవలెను. అది పట్టికలో ఇదివరకే ఉన్నదేమో వెదకవలెను. అటుపిమ్మట ప్రసారపు గుర్తు, చిరునామా, నాణ్యతలతో విన్నపము పంపవలెను. ఇతరులు పరిశీలించి దానిని చేర్చుకొందురు. చచ్చిన చిరునామాను తెలియజేయుటయు చేర్చుటవంటి సేవయే.

కొన్ని చిరునామాలలో కొద్ది కాలమే పనిచేయు తాత్కాలికపు తాళముచెవి ఇమిడి యుండును. ఉదయమున ఆడినది సాయంకాలమునకు మూగవోవును. కొన్ని ప్రసారములు మన దేశములో మాత్రమే కనబడును. వాటిని విదేశములోని యంత్రము పరీక్షించినచో, "ఇది చచ్చినది" అని పొరబడును. సోమాజిగూడలో కూర్చున్న మనిషి మాత్రము అది బ్రతికియున్నదని చెప్పగలడు. యంత్రములెన్ని యున్నను ఆ యా ఊళ్ళవారి సాక్ష్యము అవసరమగుటకు ఇదియే హేతువు. ఇట్టి ప్రసారముల పేరు ప్రక్కన, దేశ పరిమితి కలదని గుర్తు పెట్టుదురు.

ఒక హెచ్చరిక. డబ్బు చెల్లించి చూడవలసిన ప్రసారమును దొంగదారిని చూపు చిరునామాలు అంతర్జాలములో కొల్లలుగా నున్నవి. వాటిని చేర్చుట సేవ గాదు. హక్కుదారులు వలదన్న ప్రసారముల జాబితా ఆ సంగ్రహములోనే వేరుగా నున్నది; చేర్చుటకు ముందు దానిని చూడవలెను.

మన భాగము

2020లో కరోనా వ్యాధి మూలమున బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి తెలంగాణలోని విద్యార్థులకు దూరదర్శన్ ద్వారాను, టి-సాట్ ద్వారాను పాఠములు చెప్పిరి. ఆ దినములలో ప్రసారము ఎక్కడ దొరకునో తెలియని పిల్లవానికి ఆనాటి పాఠమే పోయినట్లు. చిరునామా అను చిన్న సంగతికి ఎంత విలువ గలదో అప్పుడు తెలిసినది.

సంగ్రహములో ప్రతి ప్రసారమునకును అసలు పేరుతోబాటు మారుపేర్లు వ్రాయుటకొక గడి కలదు. తెలుగు ప్రసారముల పేర్లను తెలుగు లిపిలో అచ్చట సరిగా నింపినచో, తెలుగున వెదకువారికి అవి దొరకును. ఈ పని మనము చేయనిచో మరియొకరు చేయుదురను ఆశ తక్కువ. తెలుగు గుణింతమును సరిచూడగలవారు తెలుగువారే గదా! సోమాజిగూడకు కూతవేటు దూరమున, అమీర్‌పేటలో, వేలమంది యువకులు కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. వారికి ఇది మంచి తొలి అభ్యాసము.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రయోగము చేయింపవచ్చును. ప్రభుత్వ విద్యా ప్రసారములను ఐదింటిని ఎన్నుకొని, వారమునకొకసారి వాటి చిరునామాలు పనిచేయుచున్నవో లేవో విద్యార్థులచేత వ్రాయింపుడు. తేదీ, గంట, ఫలితము మూడును నమోదు కావలెను. నెల తిరుగునప్పటికి, ఏది నిలుకడగలదో, ఏది కాదో వారే తేల్చగలరు. చూచినది చూచినట్లు వ్రాయుట, ఒకరు వ్రాసినది మరియొకరు సరిచూచుట శాస్త్రమునకు పునాదులు. ఈ పట్టికకును అవియే పునాదులు.