గాజుపలకపై పశురక్తము

ఆరోగ్యముగానున్న ఒక గుఱ్ఱమునుండియు, ఒక ఆవునుండియు కొంచెము నెత్తురు తీసి, గడ్డకట్టకుండుటకు తగిన మందు కలిపి, రెండు సన్నని గాజుగొట్టములలో నిలువుగా నిలిపి చూచినచో, అరగంట గడవకమునుపే గుఱ్ఱపు నెత్తురులోని ఎఱ్ఱకణములు అడుగునకు దిగిపోయి పైన పసుపుపచ్చని ద్రవము తేటపడును. ఆవు నెత్తురు మాత్రము గంటల తరబడి ఉంచినను ఇంచుమించు పోసినది పోసినట్లే నిలిచియుండును. గుఱ్ఱపు కణములు ఒకదానిపై నొకటి చేరి కాసుల దొంతరలవలె పేరుకొని, బరువెక్కి, త్వరగా దిగును. ఆవు కణములకు అట్లు పేరుకొను స్వభావము లేదు. మనుష్యుని నెత్తురే అంత వేగముగా దిగినచో ఒంటిలో ఎచ్చటనో వాపో, క్షయయో కలదని వైద్యుడు శంకించును. గుఱ్ఱమునకు అది నిత్యారోగ్యలక్షణము. పశురక్తమును పరీక్షింపబూనినవాడు ఏ జంతువునకు ఏది సహజమో ముందుగా ఎఱుగవలెను. మానవవైద్యగ్రంథములలోని కొలతలు వానికి ఇచ్చట అక్కఱకు రావు.

ఎఱ్ఱకణముల పరిమాణమునే తీసికొందము. మనుష్యుని ఎఱ్ఱకణము అడ్డుకొలత సుమారు 7.5 మైక్రానులు, అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందులో ఏడున్నర భాగములు. కుక్కది 7, ఆవుది 5.5, గొఱ్ఱెది 4.5 మైక్రానులు, మేకది నాలుగింటిని మించుట అరుదు. కణము చిన్నదైనకొలది సంఖ్య హెచ్చును: ఒక ఘన మిల్లీమీటరు నెత్తురులో ఆవునకు 50 లక్షలనుండి కోటి వరకు కణములుండగా, మేకకు 80 లక్షలనుండి కోటి 80 లక్షల వరకు నుండును. జార్జి గలివర్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినికింద ఒక్కొక్క జంతువు నెత్తురును ఓపికతో కొలిచి, అనేక జాతుల కణముల కొలతలను 1875లో ప్రకటించెను. ఏనుగువంటి పెద్ద జంతువులకు పెద్ద కణములుండుట వాస్తవమే యైనను, కుక్క కణము ఆవు కణముకంటె పెద్దదిగా నుండుటచేత, దేహపరిమాణమునుబట్టి కణపరిమాణమును ఊహింప వలనుపడదు.

ఆకారము విషయమునను ఇట్టి వైవిధ్యమే కలదు. పాలిచ్చు జంతువులలో ఎఱ్ఱకణములు సాధారణముగా గుండ్రముగానుండి, కేంద్రకము లేక యుండును. ఒంటె కణములు మాత్రము కోలగా నుండును. అవి నీరు పీల్చుకొని తమ పరిమాణమునకు రెండింతలకు పైగా ఉబ్బినను పగులవు. ఎడారిలో దినముల తరబడి దప్పిగొనిన ఒంటె ఒక్కసారిగా కడుపునిండ నీరు త్రాగినను దాని నెత్తురు చెడిపోకుండుటకు ఇదియొక కారణము. కోడి కణములు కోలగా నుండుటయే కాక, మధ్య కేంద్రకమును కలిగియుండును. అవి సుమారు నెలదినములు మాత్రమే బ్రదుకును. కుక్క ఎఱ్ఱకణము 110 దినములును, పిల్లిది 70 దినములును, ఆవుది అయిదు నెలలకు పైగాను జీవించును.

నెత్తురు పోయి పాండురోగము కలిగినప్పుడు కుక్క యెముకమజ్జ పూర్తిగా పరిపక్వము కాని కణములను సైతము తొందరగా రక్తములోనికి పంపును. వానిని చూచి, మజ్జ చురుకుగా పనిచేయుచున్నదని వైద్యుడు గ్రహించును. ఆవులో అట్టి లేత కణములందు నీలపు చుక్కలు కానవచ్చును. గుఱ్ఱము మాత్రము ఎంత నెత్తురు పోయినను లేత కణములను బయటికి పంపదు. కావున గుఱ్ఱము కోలుకొనుచున్నదో లేదో నిశ్చయముగా తెలియవలెనన్నచో ఱొమ్ముటెముకనుండి మజ్జను తీసి చూడవలసియుండును.

తెల్లకణముల సంగతి మరింత ఆసక్తికరము. కుక్కలో తెల్లకణములలో ఎక్కువపాలు న్యూట్రోఫిల్ అను కణములు. సూక్ష్మజీవులు సోకినచోటికి మొదట పరుగిడునవి యివియే. ఆవులో వీనికంటె లింఫోసైట్ కణములే ఎక్కువ, మజ్జలో న్యూట్రోఫిల్ కణముల నిలువయు తక్కువ. పాడియావునకు తీవ్రమైన పొదుగువాపు తగిలినప్పుడు ఉన్న న్యూట్రోఫిల్ కణములన్నియు పొదుగులోనికి తరలిపోవుటచేత, మొదటి ఒకటి రెండు దినములు రక్తములో తెల్లకణములు పెరుగుటకు బదులు తగ్గిపోవును. కుక్కకు జబ్బు చేసినప్పుడు తెల్లకణములు పెరుగుటయే చూచి అలవడినవాడు, ఈ తగ్గుదలను చూచి ఆవునకు జబ్బు లేదనుకొన్నచో, మందు పడవలసిన వేళ కాస్తయు తప్పిపోవును. ఈ ఒక్క విషయము బాగుగా తెలిసినచో ఎన్నియో పాడియావులను దక్కించుకొనవచ్చునని నా విశ్వాసము.

పరీక్షకు పరికరములు కొద్దిపాటివే చాలును. శుభ్రమైన గాజుపలకపై ఒకకొసన చిన్న బొట్టు నెత్తురు వేసి, మఱియొక పలక అంచును ఏటవాలుగా బొట్టునకు ఆనించి, నెత్తురు అంచు పొడవునను పారిన వెంటనే ఆగకుండ, అదమకుండ ముందునకు నెట్టవలెను. చేయి తడబడినచో పూత గీతలుగీతలుగా వచ్చును. బొట్టు పెద్దదైనచో కణములు ఒకదానిపై నొకటి పడును. పూతను గాలికి త్వరగా ఆరబెట్టి, రంగు వేయవలెను. మెథిలీన్ బ్లూ, ఇయోసిన్ అను రెండు రంగుల కలయికవలన ఏ ఒక్కదానివలనను రాని ఊదావన్నె కేంద్రకములకు పట్టునని 19వ శతాబ్ది చివర రష్యాదేశీయుడగు రొమనోవ్‌స్కీ కనుగొనెను. 1901లో లీష్మన్ ఆ పద్ధతిని సులభము చేసెను. మన పశువైద్యశాలలలో నేటికిని లీష్మన్ రంగే ప్రసిద్ధము. ఆ రంగు వేసిన గుఱ్ఱపు నెత్తురులో ఇయోసినోఫిల్ కణమును ఒకసారి చూచినవాడు మరువడు: పెద్దపెద్ద నారింజవన్నె గుండ్రని రేణువులు కిక్కిరిసి కేంద్రకమును ఒకప్రక్కకు త్రోసియుంచును.

పశువును పట్టి కట్టిన తీరుకూడ ఫలితమును మార్చును. బెదరిన గుఱ్ఱమునకు ప్లీహము ముడుచుకొని, అందు దాగియున్న ఎఱ్ఱకణములు ఒక్కసారిగా రక్తములోనికి వచ్చును. అప్పుడు తీసిన నెత్తురు ఉన్నదానికంటె చిక్కగా కనబడును. కావున నెమ్మదిగా పట్టుకొనుటయు పరీక్షలో భాగమే.

ఇట్టి నెత్తుటిబొట్టులోనే పశువైద్యచరిత్రలో గొప్ప సంగతి యొకటి బయటపడినది. 1880లో పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖానులో గుఱ్ఱములును, ఒంటెలును సర్రా యను జబ్బుతో చిక్కిశల్యమై చచ్చుచుండగా, సైన్యములో పశువైద్యుడైన గ్రిఫిత్ ఎవాన్సు వాని నెత్తురును సూక్ష్మదర్శినికింద చూచి, ఎఱ్ఱకణములనడుమ మెలికలు తిరుగుచు ఈదులాడు జీవులను కనుగొనెను. అంతకు రెండేండ్ల మునుపే తిమోతి లూయిస్ మనదేశములోనే ఎలుకల నెత్తురులో అట్టివానిని చూచియుండెను గాని, అవి ఎలుకలకు హాని చేయకపోవుటచేత ఈ జాతి జీవులు నిరపాయకరములనియే పలువురు తలచిరి. ఎవాన్సు రోగిరక్తమును ఆరోగ్యముగల జంతువులకు ఎక్కించి, జబ్బునకు ఆ జీవులే కారణమని వాదించెను. ట్రిపనోసోమా జాతి జీవులు రోగకారకములని తెలిసినది అప్పుడే. ఆ జీవికి ఆయన పేరే పెట్టబడినది. దానిని ఒక పశువునుండి మఱియొకదానికి చేర్చునవి జోరీగలు.

పిడుదులు మోసికొనివచ్చు జబ్బులు తెలుగునాటి పాడిరైతునకు నిత్యపరిచితములు. బెబీసియా సోకిన ఆవు మూత్రము కాఫీరంగునకు తిరుగును. ఎఱ్ఱకణములలో జంటజంటలుగా ఆ క్రిములు కనబడును. థైలేరియా సోకినప్పుడు భుజము ముందరి గ్రంథి ఉబ్బును. ఒంగోలు జాతి దీనిని చాలవరకు తట్టుకొనగా, జెర్సీ, హోల్‌స్టీను సంకరజాతి ఆవులు త్వరగా లొంగిపోవును. ఉబ్బిన గ్రంథినుండి సూదితో తీసిన రసమును పూసి చూచినచో లింఫోసైట్ కణములలో నీలపు ముద్దలు కానవచ్చును. ఎఱ్ఱకణములలోని చిన్న ఉంగరములు ఆ తరువాత కనబడును.

1950 తరువాత కణములను తామే లెక్కించు యంత్రములు వచ్చినవి. మానవరక్తమునకు సరిచేసిన యంత్రము మేక యొక్క చిన్ని ఎఱ్ఱకణములను ప్లేట్‌లెట్లని భ్రమించును. కేంద్రకముగల కోడి ఎఱ్ఱకణములను తెల్లకణములలో కలిపివేయును. కోళ్ల రక్తమును నేటికిని 1952లో నాట్, హెరిక్ అనువారు చెప్పిన ద్రవముతో పలుచన చేసి, గళ్లుగీసిన గాజుపలకపై కంటితో లెక్కించుచున్నారు. పల్లెలనుండి పూతలను ప్రయోగశాలకు పంపువారు రెండు జాగ్రత్తలు మరువరాదు: ఆరుచున్న పూతపై ఈగలు వ్రాలనీయరాదు, అవి నెత్తురును తినివేయును, ఫార్మలిన్ సీసాతో కలిపి ఒకే పెట్టెలో పంపరాదు, దాని ఆవిరి తగిలిన పూతకు రంగు సరిగా పట్టదు.