నడకలో గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి?

"నాకు యాభై ఏళ్లు. రోజూ పొద్దున్నే నడుస్తాను. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే అది వ్యాయామం కిందకి వస్తుంది?"

నడిచేవాళ్లందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. నాలుగు మెట్లు గబగబా ఎక్కితే గుండె దడదడలాడుతుంది కదా! కాళ్ల కండరాలు పనిలో పడితే వాటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఆక్సిజన్‌ను మోసేది రక్తం, రక్తాన్ని తోసేది గుండె. అందుకే ఒంటికి శ్రమ పెరిగేకొద్దీ నాడి వేగం పెరుగుతుంది.

ఈ వేగానికి ఒక పైహద్దు ఉంది. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. 220లోంచి వయసు తీసేస్తే సుమారుగా తెలుస్తుంది, మీకు 170. ఒకే వయసువాళ్లలో కూడా ఇది పది, పన్నెండు అటూ ఇటూ ఉండడం మామూలే.

ఇక కింది హద్దు. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. బొటనవేలితో చూడొద్దు. దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. మీకు 70 వచ్చిందనుకుందాం.

170లోంచి 70 పోతే 100. శ్రమ పడేటప్పుడు మీ గుండె పెంచుకోగల వేగం అంతే. చురుకైన నడకకు అందులో 40 నుంచి 60 శాతం చాలు. దానికి 70 కలిపితే 110 నుంచి 130. ఇదే మీ లక్ష్యం. మీ వయసే ఉండి, విశ్రాంతి నాడి 84 ఉన్నవారికి ఇది 118 నుంచి 136 అవుతుంది. వయసొక్కటే చూస్తే ఈ తేడా బయటపడదు. ఫిన్లాండ్ శాస్త్రవేత్త మార్టి కార్వోనెన్ పేరుమీద ఉన్న ఈ పద్ధతి నాకు నచ్చేది అందుకే.

నడుస్తూ నాడి చూడడం కష్టం. ఆగిన వెంటనే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిమిషమంతా లెక్కపెడితే ఆలోగా గుండె నెమ్మదించి, అసలు కంటే తక్కువ వస్తుంది.

బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడేవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. ఆ మందులు గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి. 130 అందుకోవాలని వాళ్లు బలవంతంగా నడవడం ప్రమాదం. ఎంతవరకు వెళ్లొచ్చో డాక్టరునడిగి, ఊపిరిని గమనించుకోవాలి. పక్కవారితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతుంటే ఆ వేగం సరిపోయినట్టే. ఛాతీలో నొప్పిగానీ కళ్లు తిరగడంగానీ ఉంటే ఎవరైనా సరే, అంకెల సంగతి వదిలేసి వెంటనే ఆగిపోవాలి.