స్వరలిపిలో భావసూచికలు: కంప్యూటరులో వాటిని చేర్చే విధానం

పాశ్చాత్య పద్ధతిలో ఐదుగీతల స్వరలిపిని కంప్యూటరులో వ్రాసేవారికి మొదట ఎదురయ్యే నిరాశ ఒకటి ఉన్నది. స్వరాలన్నీ తప్పు లేకుండా పొందుపరచి, వినిపించమని మీట నొక్కగానే, పిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పినట్లు పాట సాగిపోతుంది. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు, కానీ ఎక్కడా హెచ్చు లేదు, తగ్గు లేదు. లోపించినవి భావసూచికలు, అనగా ఏ భాగాన్ని మృదువుగా, ఏ భాగాన్ని గట్టిగా, ఎక్కడ నిదానంగా వాయించాలో తెలిపే గుర్తులు.

ఈ గుర్తులకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. వెనిస్ నగరానికి చెందిన జియొవాన్నీ గాబ్రియేలీ 1597లో అచ్చువేయించిన ఒక రచనకు పేరులోనే ‘పియానో’, ‘ఫోర్టే’ అన్న మాటలు చేరాయి. ఇటాలియన్ భాషలో పియానో అనగా మృదువుగా, ఫోర్టే అనగా బలంగా. నేటికీ స్వరలిపిలో కనిపించే ‘పి’, ‘ఎఫ్’ అక్షరాలు ఆ మాటలకే సంక్షిప్త రూపాలు. వాటి నడుమ మధ్యమ స్థాయిని ‘ఎం.పి.’, ‘ఎం.ఎఫ్.’ అని వ్రాస్తారు. ఒక గుర్తు వేసిన తరువాత మరొక గుర్తు వచ్చేవరకు మొదటిదే చెల్లుబాటు అవుతుంది.

ఉచితంగా లభించే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు వృత్తి సంగీతకారులు విరివిగా వాడిన ఫినాలే సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని దాని సంస్థ 2024 ఆగస్టులో నిలిపివేసింది. కనుక కొత్తగా నేర్చుకునేవారికి దానిని సూచించడం ఉచితం కాదు. మ్యూజ్‌స్కోర్ కొత్త కూర్పులలో స్వరాన్ని ఎన్నుకొని, కంట్రోల్, డి మీటలను కలిపి నొక్కి, కావలసిన అక్షరాన్ని టైపు చేస్తే చాలును. ఎడమవైపున ఉండే పాలెట్ నుండి గుర్తును ఎంచుకున్నా సరే.

చాలామంది పొరబడేది ఇక్కడే. అదే ‘పి’ అక్షరాన్ని సాధారణ వాక్యంవలె, స్టాఫ్ టెక్స్ట్‌గా కూడా టైపు చేయవచ్చును. వాలు అక్షరాలలో పెడితే కంటికి తేడా దాదాపు కనిపించదు. కానీ యంత్రానికి అది వట్టి అక్షరం. అసలైన గుర్తు వెనుక ఒక కొలత ఉంటుంది. 1983లో రూపొందిన మిడి ప్రమాణంలో స్వరఘాతం 127 వరకు మెట్లుగా లెక్కింపబడుతుంది. మ్యూజ్‌స్కోర్ మూడవ కూర్పులో ‘పి’కి 49, ‘ఎం.ఎఫ్.’కు 80, ‘ఎఫ్’కు 96 మెట్లు కేటాయించారు. టైపు చేసిన అక్షరానికి ఏ మెట్టూ లేదు.

వినిపించడంలో వచ్చే తేడా చిన్నదే. కాగితంమీద వచ్చే చిక్కు పెద్దది. ఒక పాఠశాల బ్యాండు కోసం ఉపాధ్యాయుడు పాట వ్రాశాడనుకుందాం. చివరి రెండు కొలతలలో నిదానించాలని, పై వరుసలో ఉన్న ఫ్లూటు మీద ‘రిట్.’ అని స్టాఫ్ టెక్స్ట్‌గా టైపు చేశాడు. పూర్తి స్కోరులో అది అందరికీ వర్తించినట్లే కనిపిస్తుంది. తీరా ఒక్కొక్క వాద్యానికి విడి పార్టు తీసి ముద్రించి పంచితే, ఆ మాట ఫ్లూటు పార్టులో మాత్రమే ఉంటుంది. వార్షికోత్సవ వేదికమీద ఫ్లూటు నిదానిస్తుంది, తక్కినవారు ముందుకు పరుగెత్తుతారు. తప్పు పిల్లలది కాదు. వారి కాగితంలో ఆ మాటే లేదు. లయకు సంబంధించిన సూచనలను టెంపో పాలెట్ నుండి చేర్చితే అవి అన్ని పార్టులలోనూ వస్తాయి. 2022 డిసెంబరులో వచ్చిన నాల్గవ కూర్పు నుండి, క్రమంగా నిదానించే గీతను యంత్రం వాయించి చూపుతుంది కూడా.

గుర్తు ఉన్న చోటు వేరు, అది అంటుకొని ఉన్న స్వరం వేరు. మౌసుతో మరొక వాద్యపు వరుస దగ్గరకు లాగినంతమాత్రాన గుర్తు యజమాని మారదు. లాగేటప్పుడు కనిపించే చుక్కల గీత, గుర్తు ఏ స్వరానికి చెందినదో తెలుపుతుంది. ఫ్లూటు గుర్తును క్లారినెట్ వరుస దగ్గరకు లాగి సర్దిపెడితే, విడి పార్టులో క్లారినెట్ వాద్యకారునికి మిగిలేది శూన్యమే. దానిని తొలగించి మళ్ళీ సరైన స్వరంమీద వేయడమే మేలు. వాద్యాలకు ఈ గుర్తులు స్టాఫ్ క్రింద, గాయకులకు పైన ఉండాలి. గాయకులకు క్రింది స్థలం సాహిత్యానిది.

క్రమంగా హెచ్చడానికీ తగ్గడానికీ తలపిన్ను ఆకారపు గుర్తు ఉన్నది. స్వరాలను ఎన్నుకొని, కీబోర్డుమీద ‘కంటె తక్కువ’ లేక ‘కంటె ఎక్కువ’ గుర్తును నొక్కితే అది వస్తుంది. ఎంతవరకు హెచ్చాలో తెలిపే గుర్తు చివర లేనిచో, ఎవరి ఇష్టం వారిదవుతుంది. వయొలిన్ వాద్యకారుడు ఒకే స్వరాన్ని పెంచుకుంటూ పోగలడు. పియానోలో సుత్తి తీగను తాకిన తరువాత నాదం తగ్గడమే తప్ప పెరగడం లేదు. కనుక పియానోకు ఒకే దీర్ఘస్వరం క్రింద హెచ్చు గుర్తు పెట్టడం వృథా శ్రమ.

‘డోల్చే’ అనగా మధురంగా అని అర్థం. ఇటువంటి మాటలకు కంట్రోల్, ఇ మీటలతో ఎక్స్‌ప్రెషన్ టెక్స్ట్ ఉన్నది. యంత్రం వీటిని పట్టించుకోదు, ఆ కారణంచేత వీటిని తీసివేయరాదు. ఇవి మనిషికోసం వ్రాసినవి. అయితే కొలతకొక మాట చొప్పున కుక్కితే వాద్యకారుడు ఏదీ చదవడు.

మన కృతులను ఐదుగీతలలో వ్రాయదలచినవారికి మరొక మాట. సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో, తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు ప్రత్యేక చిహ్నాలున్నాయి. అవి స్వరం ఊగే తీరును తెలుపుతాయి, బలాన్ని కాదు. పాలెట్‌లోని ట్రిల్, మార్డెంట్ గుర్తులను వాటికి బదులుగా వేస్తే రాగం దెబ్బతింటుంది.

పని ముగిసిందనుకున్న తరువాత పూర్తి స్కోరును ప్రక్కనపెట్టి, ప్రతి విడి పార్టును ఆ వాద్యకారుని స్థానంలో కూర్చొని మొదటినుండి చదవాలి. ముద్రించవలసినది ఆ తరువాతనే.