పడిపోయిన చెట్టు ఏ జాతిది? వంటచెరకును గుర్తించే విధానం

లక్ష్యాలు
ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఆకులు లేని కాండాన్ని ఏ క్రమంలో పరిశీలించాలో వివరించగలుగుతారు.
• రాయలసీమలో సాధారణంగా కనిపించే వంటచెరకు జాతులను వేరు చేయగలుగుతారు.
• చేవ రంగు ఒక్కటే చూసి పేరు నిర్ణయించడం ఎందుకు ప్రమాదమో చెప్పగలుగుతారు.

1. పరిచయం
మే నెల ఈదురుగాలులకు ఊరి చివర ఒక చెట్టు కూలిందనుకోండి. మీరు చూసేటప్పటికి కొమ్మలు కొట్టేశారు. దుంగలు మాత్రమే మిగిలాయి. నరికిన కొస ఎర్రగా ఉంది. అది తుమ్మా, సండ్రా, ఎర్రచందనమా? ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఈ ప్రశ్న పరీక్షకు మాత్రమే సంబంధించినది కాదు. తుమ్మ అయితే పొయ్యిలోకి పోతుంది. ఎర్రచందనం అయితే దాన్ని మోసుకెళ్లినవారి మీద కేసు నమోదవుతుంది. అందువల్ల గుర్తింపును ఒక క్రమంలో చేయాలి.

2. నేల మీది ఆధారాలు
మొదట దుంగను కాదు, దాని చుట్టూ నేలను చూడండి. రాలిన ఆకు, కాయ, ముల్లు, గింజ ఏది దొరికినా సగం పని పూర్తయినట్లే.
• నల్ల తుమ్మ: గింజ గింజకూ మధ్య నొక్కినట్లుండే, పూసల దండ వంటి బూడిదరంగు కాయ.
• సర్కారు తుమ్మ: పసుపు రంగు కాయ, పూసల నొక్కులు లేకుండా పొడవుగా ఉంటుంది. ఈ మొక్క మన నేలది కాదు. 1870ల చివర జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో దీన్ని నాటారు. నేడు చెరువు గట్లు, బీళ్లు అన్నిటా ఇదే.
• సండ్ర: ఆకు మొదట్లో జంటగా, కిందికి వంగిన కొక్కెం ముళ్లు.
• నారేపి: రెండే పత్రకాలున్న ఆకు.
• వేప: రంపపు అంచు పత్రకాలు, గట్టి గింజలు.

3. బెరడు
నేల మీద ఏమీ దొరకకపోతే బెరడును చూడండి. నల్ల తుమ్మ బెరడు నల్లగా, నిలువు పగుళ్లతో ఉంటుంది. తెల్ల తుమ్మది పాలిపోయిన రంగు, పలుచని పెచ్చులుగా ఊడుతుంది. చిరుమాను బెరడు నునుపుగా, బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది. నారేపి బెరడు నుంచి తాళ్లకు పనికొచ్చే బలమైన నార వస్తుంది. ఎర్రచందనం బెరడు నల్లని గోధుమరంగులో, మొసలి చర్మంలా దీర్ఘచతురస్రాకారపు పలకలుగా లోతుగా చీలి ఉంటుంది. లేత చెట్లలో ఈ లక్షణాలు స్పష్టంగా ఉండవని గుర్తుంచుకోండి.

4. నరికిన కొస
కొసను పదునైన కత్తితో నునుపుగా చెక్కి, కొద్దిగా తడిపి, భూతద్దంతో చూడండి. వెలుపలి లేత రంగు భాగం రసదారువు, లోపలి ముదురు భాగం చేవ. చాలామంది ఇక్కడే పొరపడతారు. నల్ల తుమ్మ, సండ్ర, నారేపి, వేప, ఎర్రచందనం, వీటన్నిటి చేవలోనూ ఎంతో కొంత ఎరుపు ఉంటుంది. బరువు కూడా చాలదు. ఆరిన ఎర్రచందనం చేవ నీటిలో మునుగుతుంది, నిజమే. కానీ నారేపి చేవ కూడా మునుగుతుంది. కాబట్టి రంగు, బరువు అనుమానాన్ని మాత్రమే కలిగిస్తాయి. నిర్ధారణకు మరో రెండు లక్షణాలైనా కలవాలి.

5. ఎర్రచందనం, వేగిస: భేదాలు
ఈ రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. రెండింటికీ చుట్టూ రెక్క ఉన్న గుండ్రని కాయలుంటాయి. గాయమైతే రెండూ ఎర్రని రసం కారుస్తాయి. అయితే ఎర్రచందనం ఆకులో సాధారణంగా మూడు పత్రకాలు, వేగిస ఆకులో ఐదు నుంచి ఏడు. వేగిస చేవ బంగారు గోధుమరంగు. దాని ముక్కను నీటిలో నానబెడితే నీటికి నీలి మెరుపు వస్తుంది. ఎర్రచందనపు ఎరుపుకు కారణమైన శాంటాలిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది.

6. పేరు తెలిసిన తరువాత
సర్కారు తుమ్మ పచ్చిగా ఉన్నా బాగా మండుతుంది, బొగ్గుకూ అనువైనది. గన్నేరు మాత్రం విషపూరితం, ఎండు పుల్లను కూడా వంటకు వాడరాదు.
ఎర్రచందనం శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండ, నల్లమల ప్రాంతాలకే సహజంగా పరిమితమైన జాతి. 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా కలపను తీసుకుపోవడం నేరం. చెట్టు దానంతటదే పడిందన్న సమాధానం చెల్లదు. అనుమానం కలిగితే దుంగను అక్కడే వదిలి అటవీ బీట్ అధికారికి తెలపండి.

సారాంశం
నేల, బెరడు, కొస అనే క్రమంలో పరిశీలించాలి. ఏ ఒక్క లక్షణమూ జాతిని నిర్ధారించదు, కనీసం మూడు కలవాలి. తేలకపోతే "తెలియదు" అని రాయడమే సరైన ఫలితం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. ఎరుపు చేవ ఉన్న నాలుగు జాతులను పేర్కొనండి.
2. ఎర్రచందనం, వేగిసల మధ్య రెండు భేదాలు రాయండి.
3. మీ ఊరి కట్టెల మోపులోని ఐదు పుల్లలను పరిశీలించి, ప్రతిదానికీ మూడు లక్షణాలు నమోదు చేయండి. ఆ తరువాతే కట్టెలు తెచ్చినవారిని పేరు అడిగి సరిపోల్చుకోండి.