తేనె లిప్ బామ్‌తో పెదాలు ఎందుకు మండుతాయి?

ప్రశ్న: సంక్రాంతి చలికి పెదాలు పగిలితే తేనె, మైనం కలిసిన లిప్ బామ్ కొన్నాను. రాసేకొద్దీ పొట్టు లేస్తోంది, దురద. తేనెటీగ కుట్టినా నాకెప్పుడూ ఇంత బాధ లేదు. ఇది తేనె వల్లేనా?

జవాబు: కుట్టడానికీ దీనికీ సంబంధం లేదండి. కుట్టినప్పుడు ఒంట్లోకి దిగే విషం లిప్ బామ్‌లో ఉండదు. తేనెను కూడా అప్పుడే తప్పుపట్టకండి. ముందు అనుమానించాల్సింది ప్రొపోలిస్‌ని. ఈగలు చెట్ల మొగ్గల మీద, బెరడు మీద ఊరే జిగురు తెచ్చి, తమ మైనం కలిపి పట్టులోని సందులు పూడుస్తాయి. ఆ ముద్దే ప్రొపోలిస్. చర్మానికి మంచిదని కొందరు తయారీదారులు దాన్ని కావాలనే కలుపుతారు. కలపకపోయినా మైనంలో కొంత మిగిలిపోవచ్చు. అందులోని కెఫిక్ ఆమ్లపు ఎస్టర్లు చిన్న అణువులు కాబట్టి చర్మం పైపొర దాటిపోతాయి. రక్షణ కణాలు ఒకసారి వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకున్నాయంటే, తర్వాత రాసిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులకు ఎరుపు, దురద, వాపు.

ఈ ఆలస్యమే మనల్ని దారి తప్పిస్తుంది. సోమవారం రాసింది బుధవారం మండితే, నింద మంగళవారం తిన్న చేపల పులుసు మీద పడుతుంది. పెదాలు ఇంకా ఎండాయని మళ్లీ బామ్ రాస్తాం, జబ్బు ముదురుతుంది. ఒక గుర్తు చెబుతాను: మార్చి వచ్చి గోదావరి జిల్లాల్లో ఉక్కపోత మొదలైనా పెదాలు పగులుతూనే ఉంటే, చలిని తప్పుపట్టడం మానేయాలి.

మన దేశీ తేనెటీగ ఎపిస్ సెరానా ఈ జిగురును దాదాపు వాడదు. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగ బాగా పోగేస్తుంది. అలాగని రంపచోడవరం, మారేడుమిల్లి వైపు నుంచి వచ్చిన మైనమైతే భయం లేదని నేను చెప్పను. డబ్బా మీద ఏ ఈగ మైనమో రాయరు. పైగా సువాసనలు, లానోలిన్, ఆముదం, చివరికి టూత్‌పేస్టు కూడా ఇదే పని చేయగలవు.

మరి తేల్చేదెలా? ప్యాచ్ టెస్టుతో. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి 48 గంటలు ఉంచుతారు. పట్టీలు తీసినప్పుడు ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు. మే నెల చెమటకు పట్టీలు ఊడిపోతాయి కనుక మన ప్రాంతంలో చల్లని నెలలే మేలు. యూరప్‌లో 2019 నుంచి ప్రొపోలిస్ ప్రామాణిక పరీక్ష జాబితాలోనే ఉంది. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు, వాళ్ల జాబితాలో అది ఉందేమో అడగండి. లేకపోతే మీ బామ్‌నే అంటించి చూడమనండి.

ఈలోగా బామ్ ఆపి, వాసన లేని ఉత్త పెట్రోలియం జెల్లీ రాయండి. కొత్తది కొనేటప్పుడు లేబుల్ మీద ప్రొపోలిస్‌తో పాటు సెరా ఆల్బా (మైనం), మెల్ (తేనె) అన్న పేర్లు వెతకండి. తేనెటీగల నుంచే వచ్చే రాయల్ జెల్లీ సంగతి వేరు. కొందరికి దానితో నిమిషాల్లో ముఖం వాచి ఊపిరాడదు. అలా అయితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వాడిన డబ్బా మాత్రం పారేయకండి. డాక్టరుకు చూపించండి.